అక్షరాలా

జనవరి ఒకటి. సండర్లాండ్‌లో బస్సుల్లేవు.
రోకర్ వైపు నుంచి వచ్చే గాలి
తలుపు కింది సందులో ఈల వేస్తోంది.
బిస్కెట్ల డబ్బా బల్ల మీద బోర్లించాను.
ఏడాదంతా కుప్పగా పడింది.

రసీదులు సగం వెలిసిపోయాయి.
కొన్నదేమిటో చెరిగిపోయింది,
ఎంతయిందో మాత్రం, పాడుది, నిలిచింది.

కొత్త నోటుబుక్కు, పౌండు దుకాణంలోది,
పౌండుంబావు పెట్టి కొన్నాను.
పైన శ్రీ రాశాను.
మా మేనత్త తణుకులో రైసుమిల్లు గుమాస్తా.
శ్రీ లేకుండా పద్దు మొదలెడితే
అంకెలు ఎలకల్లా పారిపోతాయనేది.
ఆవిడ పుస్తకంలో ఏ అంకే ఒంటరిగా ఉండేది కాదు.
పక్కనే అక్షరాలా అని రాసి
చివర మాత్రమే అని మేకు కొట్టేది,
ఎవడూ ఇంకో సున్నా దూర్చకుండా.

అద్దె.
కరెంటు మీటరు కార్డులో వేసినవి, పదేసి, అయిదేసి.
అయిదు పౌండ్లకి చలి ఎంతసేపు ఆగుతుందో
ఈ ఊళ్ళో నన్నడగండి.
ఈతకొలను చందా, నెలకి పద్దెనిమిది.
వెళ్ళింది రెండుసార్లు,
రెండోసారి తువ్వాలు మర్చిపోయాను. కొట్టేశాను.
ఆగస్టులో ఒక టాక్సీ, రాత్రి రెండింటికి, పదకొండు నలభై.
ఎక్కడికో గుర్తుంది. రాయను.

మార్చి: తారకేశ్‌కి చేబదులు, మూడువందలు.
గది అడ్వాన్సుకని, వారంలో ఇస్తానని,
నాలుగుసార్లు అక్కా అని
డండీ వెళ్ళిపోయాడు.
వాడు పెట్టే ఫోటోల్లో కొత్త బూట్లు.
వాటిలో ఎడమది నాదే అనుకుంటూ
పది నెలలు గడిపాను.
ఈ పద్దు ఎక్కడ రాయాలి?
రావలసినవాటిలోనా, పోయినవాటిలోనా?

పెన్ను కొరుకుతూ కూచుంటే
డబ్బా అడుక్కి అంటుకుని పసుపు చీటీ.
పక్కింటి డోరీన్ చేతిరాత.
బాయిలరు పంపు, నలభై అయిదు.
తొందరేం లేదు, బంగారం.
ఫిబ్రవరి.

ఫిబ్రవరి!
తారకేశ్ కంటే నెల ముందు.
ఏ గోడకి ఆనుకుని వాణ్ణి తిట్టుకున్నానో
ఆ గోడ అవతలి నుంచే వచ్చి ఆవిడ
రోజూ నాకు గుడ్మార్నింగ్ చెప్పింది.

ఇంటి చెప్పులతోనే వెళ్ళాను. యాభై ఇచ్చాను.
అయ్యో మర్చేపోయాను అంటుందనుకున్నా. అనలేదు.
నోటుని రెండువైపులా చూసి
జాడీలోంచి అయిదు నాణేలు ఏరి
నా అరచేతిలో లెక్కపెట్టింది.
"నా అంతట నేను అడగకూడదు, చూద్దాం అనుకున్నా" అంది,
నవ్వుతూనే.

ఇంటికొచ్చి తారకేశ్‌కి మెసేజి.
పోనీలే వదిలేశాను అని మొదలెట్టాను.
అబద్ధం. చెరిపేశాను.
అక్షరాలా మూడువందల పౌండ్లు మాత్రమే
అని కొట్టి, చూసుకున్నాను.

మాత్రమే ఏమిటి?
గంటకి పన్నెండు చొప్పున
వృద్ధాశ్రమంలో ఇరవై అయిదు గంటలు.
హెస్లప్ గారిని పక్క మీద అటూ ఇటూ తిప్పిన నడుం.
మాత్రమేట!
ఆ మాట తీసేశాను.
సున్నా దూరిస్తే వాడికే నష్టం.
పంపాను.

రెండు గీతలూ నీలంగా మారాయి.
రాస్తున్నాడని చూపించింది, ఆగింది, మళ్ళీ చూపించింది.
ఇంకేమీ రాలేదు.

ఈలోగా నిలవ తేల్చుదామని కూడాను.
మూడుసార్లు కూడితే మూడు రకాలు.
నడిమిది రాసుకున్నాను.

మీటరు కీచుమంది.
కోటు తొడుక్కుని జేబు తడుముకున్నాను,
డోరీన్ నాణేలు అయిదూ ఉన్నాయి.
మూలమీది పంజాబీవాళ్ళ కొట్టు తెరిచే ఉంటుంది.
కొత్త ఏటి మొదటి ఖర్చు
నిలబడే రాశాను: కరెంటు, 5.
అక్షరాలు వచ్చాక.